తొలి నగరాల్లో ఎక్కువెవరు, తక్కువెవరు

హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చదివిన ఎవరికైనా ఆ బొమ్మ గుర్తుండే ఉంటుంది. ఒక త్రికోణం. కొన మీద రాజు, ఆయన కింద పూజారులు, తర్వాత లేఖకులు, వ్యాపారులు, చేతివృత్తులవాళ్లు, రైతులు, అట్టడుగున బానిసలు. మెసొపొటేమియాకూ అదే బొమ్మ, ఈజిప్టుకూ అదే బొమ్మ. పట్టుదల ఉంటే సింధు నాగరికతకూ అదే గీసి, కొన మీద ‘పురోహిత రాజు’ అని రాసేయొచ్చు. పరీక్షలో మార్కులు పడతాయి. తవ్వకాల్లో బయటపడ్డ సామగ్రిని దాని పక్కనే పెట్టి పోల్చి చూస్తే మాత్రం ఈ బొమ్మ చాలా దాచేస్తుంది. పైన ఎవరున్నారన్నది తేలిగ్గానే చెప్పొచ్చు. పైవాడికి కిందివాడి మీద పట్టు దేనివల్ల వచ్చింది అని అడిగితేనే ఒక్కో నాగరికత ఒక్కో జవాబు చెబుతుంది.

మెసొపొటేమియా జవాబు గింజల కొలతలో ఉంది. ఇప్పటి దక్షిణ ఇరాక్‌లో ఉన్న ఉరుక్ క్రీ.పూ. 3300-3100 నాటికి పెద్ద నగరం. అక్కడి తవ్వకాల్లో గుట్టలు గుట్టలుగా దొరికిన వస్తువు నగా కాదు, ఆయుధమూ కాదు. ఒక మోటు మట్టి గిన్నె. కుమ్మరి చక్రం మీద తిప్పింది కాదు, అచ్చులో మట్టి నొక్కి, అంచును ఏటవాలుగా చెక్కి, చకచకా తయారుచేసింది. అందం గురించి ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. వాడి పారేసిన తీరు చూస్తే దానికి విలువ కూడా లేదని తెలుస్తుంది. పనిచేసేవాళ్లకు బత్తెం కొలిచి పోసే గిన్నె అని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. కాదు, రొట్టెలు కాల్చే అచ్చు అని కొందరు వాదిస్తారు. ఏదైనా కానీ, ఒకే చోట వందల మందికి ఎవరో తిండి పెడుతున్నారన్నది తేలిపోతోంది. అదే కాలపు మట్టి పలకల మీద మనిషి తల, దాని నోటి దగ్గర ఒక గిన్నె కలిపి గీసిన గుర్తు కనిపిస్తుంది. తినడానికీ బత్తేనికీ అదే గుర్తు.

ప్రపంచంలో మనకు దొరికిన తొలి రాతల్లో ఎక్కువ భాగం ఇలాంటి పద్దులే. ఎవరికి ఎంత బార్లీ ఇచ్చారు, ఎన్ని గొర్రెలు వచ్చాయి, ఎంత బీరు పోశారు. పద్దులతో పాటు దొరికినవాటిలో హోదాల జాబితా ఒకటి ఉంది. అతి పెద్ద పదవితో మొదలై వరసగా కిందికి దిగే ఆ జాబితాను లేఖకులు కావాలనుకునే పిల్లలు వెయ్యేళ్లకు పైగా తూచా తప్పకుండా ఎత్తిరాశారు. అందులోని కొన్ని పదవులు అప్పటికే వాడుకలోంచి పోయినా రాయడం మానలేదు. అక్షరం నేర్చుకోవడమంటే ఎవరు ఎవరికన్నా పైనో నేర్చుకోవడం కూడా అన్నమాట.

ఇంకో వెయ్యేళ్లు ముందుకొస్తే, క్రీ.పూ. 2100-2000 ప్రాంతంలో, అక్కడి మరో నగరం ఉర్‌ను ఏలిన మూడో వంశపు రాజ్యం లెక్కల్లో పండిపోయింది. అప్పటి పలకల్లో కనిపించే మామూలు కొలత మగ కూలీకి నెలకు 60 సిలాల బార్లీ, ఆడ కూలీకి 30 సిలాలు. సిలా అంటే దాదాపు లీటరు. పిల్లలకు వయసును బట్టి ఇంకా తక్కువ. ఏడాదికోసారి ఉన్ని, అప్పుడప్పుడు నూనె. ఈ 30 సిలాల వాళ్లు ఎవరంటే, రాజ్యానికి చెందిన నేతశాలల్లో పనిచేసిన ఆడవాళ్లు, వేల సంఖ్యలో. మెసొపొటేమియాకు రాయి లేదు, లోహం లేదు, మంచి కలప లేదు. అవన్నీ బయటి నుంచి తెచ్చుకోవాలి. బదులుగా అమ్ముకోవడానికి ఉన్న సరుకుల్లో ముఖ్యమైనది ఉన్ని బట్ట. రాజుగారి మెడలోని నీలిరాయికీ, నెలకు 30 లీటర్ల బార్లీ తీసుకునే ఆ నేతగత్తెకూ మధ్య సంబంధం అది. పాఠ్యపుస్తకపు త్రికోణంలో ఈమెకు విడిగా గడి లేదు. ‘చేతివృత్తులవాళ్లు’ అన్న మాటలో కలిసిపోతుంది.

క్రీ.పూ. 1750 ప్రాంతపు హమ్మురాబి శాసనం గురించి అందరూ విన్నదే. 1901లో ఇరాన్‌లోని సూసాలో దొరికింది, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ‘కంటికి కన్ను’ అనే న్యాయం అందులోదే అంటారు. నిజమే, కానీ సగమే నిజం. పెద్ద హోదా ఉన్న మనిషి కన్ను మరో పెద్దమనిషి పొడిస్తేనే కంటికి కన్ను. అంతకన్నా తక్కువ హోదా ఉన్నవాడి కన్ను పోతే ఒక మినా వెండి, అంటే సుమారు అరకిలో, కడితే సరిపోతుంది. బానిస కన్ను పోతే వాడి ధరలో సగం, అదీ బానిసకు కాదు, యజమానికి. వైద్యుడి ఫీజు కూడా ఇదే వరసలో ఉంది. కంచు కత్తితో కోసి ప్రాణం నిలబెడితే పెద్దమనిషి ఇవ్వాల్సింది 10 షెకెళ్ల (షెకెల్ అంటే సుమారు 8 గ్రాములు) వెండి, మధ్యవాడు 5, బానిసైతే యజమాని 2. ఇక్కడ ఒక తమాషా గమనించాలి. హోదా ఎక్కువైతే నష్టపరిహారమే కాదు, కట్టాల్సిన ఫీజు కూడా ఎక్కువే. మనిషికి ఒక ధర ఉందనీ, అది వెండిలో చెప్పొచ్చనీ ఆ సమాజం ఒప్పేసుకుంది.

అయితే ఆ మెట్లు పుట్టుకతో బిగించినవి కావు. అప్పు వల్ల మనిషి కిందికి జారిపోయేవాడు. గింజల అప్పుకు మామూలు వడ్డీ మూడో వంతు, వెండి అప్పుకు ఐదో వంతు. ఒక పంట పోతే చాలు, రైతు తన భార్యనో పిల్లల్నో అప్పిచ్చినవాడి ఇంట్లో పనికి పెట్టాల్సి వచ్చేది. అలా పెట్టినవాళ్లు మూడేళ్లు చేశాక నాలుగో ఏడు విడుదల చేయాలని హమ్మురాబి శాసనం చెబుతుంది. అంతటితో ఆగక, బాబిలోన్ రాజులు అప్పుడప్పుడు వ్యవసాయ అప్పుల్ని మొత్తంగా రద్దు చేస్తూ ఆజ్ఞలు ఇచ్చేవారు. హమ్మురాబి వంశంలోనే తర్వాతి రాజు అమ్మిసదుకా క్రీ.పూ. 17వ శతాబ్దంలో ఇచ్చిన రుణమాఫీ ఆజ్ఞ పాఠం ఇప్పటికీ ఉంది. మన దగ్గర రుణమాఫీ ఎన్నికల మాట. బాబిలోన్‌లో ఎన్నికల్లేవు. అక్కడ దయ కన్నా అవసరం ఎక్కువ. రైతులంతా షావుకార్ల ఇళ్లలో పనివాళ్లయిపోతే పన్ను కట్టేదెవరు, యుద్ధానికి వచ్చేదెవరు? పైమెట్టు మీద రాజూ షావుకారూ ఇద్దరూ ఉన్నారు, ఇద్దరి అవసరాలూ ఒకటి కావు. త్రికోణం బొమ్మలో కనిపించనిది ఈ గొడవే.

ఈజిప్టుకు వస్తే పట్టు స్వభావమే మారిపోతుంది. రాజుకు ఎంత దగ్గర అన్నదే అక్కడ హోదా. ఈ దగ్గరతనం మొదట్లో చాలా భయంకరమైన రూపంలో ఉంది. క్రీ.పూ. 3000 ప్రాంతంలో, మొదటి వంశపు రాజు జెర్ సమాధి చుట్టూ, అబిదోస్‌లో, 300కు పైగా చిన్న సమాధులు ఉన్నాయి. రాజుతో పాటే పరలోకానికి పంపిన పరివారం వాళ్లది. మొదటి వంశం ముగిసేసరికి ఈ ఆచారం ఆగిపోయింది. ఆ తర్వాత అధికారులు రాజు సమాధి పక్కన చోటు కోసం పోటీపడ్డారు. గీజాలో పెద్ద పిరమిడ్ చుట్టూ వరసలు తీరి ఉన్న సమాధులు అలాంటివే, బంధువులవీ అధికారులవీ. బతికున్నప్పుడు కొలువులో ఉన్న చోటు చచ్చాక కూడా నిలబెట్టుకోవాలన్న తాపత్రయం.

ఆరో వంశపు వెని అనే అధికారి, క్రీ.పూ. 2300 ప్రాంతం వాడు, తన సమాధి గోడ మీద సొంత జీవితకథ చెక్కించుకున్నాడు. చిన్న ఉద్యోగంతో మొదలై, ముగ్గురు రాజుల దగ్గర పనిచేసి, అంతఃపురంలో రాణి మీద విచారణ జరిపి, సైన్యం నడిపి, దక్షిణ ఈజిప్టు మొత్తానికి అధిపతి అయ్యాననేది దాని సారం. ఇన్ని పదవుల మధ్య ఆయన ఎంతో మురిసిపోయి చెప్పుకున్న సంగతి, రాజు తనకు తురా గనుల నుంచి తెల్ల సున్నపురాయి శవపేటిక తెప్పించి ఇచ్చాడన్నది. డబ్బుతో కొనుక్కోలేని వస్తువు అది. తురా గనులు రాజువి, పడవలు రాజువి, రాయి కొట్టే మనుషులూ రాజు మనుషులే. ఇంకో కొసమెరుపు: కిందిస్థాయి నుంచి పైకొచ్చానని చెప్పుకున్న ఈ వెని తండ్రి ఇయుయు ఏకంగా వజీరు అని అబిదోస్ తవ్వకాల్లో తేలింది. పలుకుబడి ఉన్న ఇంట పుట్టి, స్వశక్తితో ఎదిగానని చెప్పుకునే అలవాటుకు నాలుగు వేల ఏళ్ల చరిత్ర ఉంది.

పిరమిడ్లు కట్టింది కొరడా దెబ్బలు తిన్న బానిసలు అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. గీజాలో 1990లో బయటపడ్డ పనివాళ్ల సమాధులు, దగ్గర్లోనే దొరికిన రొట్టెల బట్టీలు, పశువుల ఎముకలు వేరే కథ చెబుతాయి. ఎర్ర సముద్రపు ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో 2013లో దొరికిన పపైరస్ ముక్కలు మరీ విలువైనవి. మెరెర్ అనే మేస్త్రీ రాసుకున్న రోజువారీ లెక్క అది. సుమారు 40 మంది జట్టుతో తురాలో రాయి ఎక్కించుకోవడం, పడవలో గీజాకు చేరవేయడం, మళ్లీ వెనక్కి వెళ్లడం, ఏ రాత్రి ఎక్కడ పడుకున్నారో, తిండి ఎప్పుడు వచ్చిందో, అంతా ఉంది. వీళ్లు బానిసలు కారు. అలాగని ఇష్టం లేకపోతే మానేసి ఇంటికి పోయే స్వేచ్ఛ ఉందనీ చెప్పలేం. ఆ సమాధుల్లోని ఎముకల్లో అరిగిపోయిన వెన్నుపూసలు ఉన్నాయి. విరిగాక సరిగ్గా కట్టుకట్టి అతికించిన చేతులూ ఉన్నాయి. రాజ్యం వాళ్ల చేత ఒళ్లు అరిగేలా పని చేయించుకుంది, చెయ్యి విరిగితే వైద్యమూ చేయించింది. ‘బానిస’, ‘స్వతంత్రుడు’ అనే రెండు మాటల మధ్య ఇరుక్కున్న మనుషులు వీళ్లు.

వీళ్లకు కొలిచి ఇచ్చేవాడూ, వీళ్ల పన్ను లెక్కకట్టేవాడూ లేఖకుడు. మన పల్లెల్లో 1984లో ఆ వ్యవస్థ రద్దయ్యే దాకా కరణం చేతిలో ఉన్న బలం తెలిసినవాళ్లకు ఈజిప్టు లేఖకుడి సంగతి విడిగా చెప్పనక్కర్లేదు. భూమి తనది కాదు, కత్తి పట్టడు, ఊరంతా ఆయన కలం వైపే చూస్తుంది. ఆ లెక్కల మీద బతికినవాళ్లకు ఆ లెక్క తప్పినప్పుడు ఎదురుతిరగడమూ తెలుసు. చాలా తర్వాతి సంగతైనా ఇక్కడ చెప్పాలి. మూడో రామెసీస్ 29వ పాలనా సంవత్సరంలో, క్రీ.పూ. 1157 ప్రాంతంలో, రాజుల లోయలో సమాధులు తొలిచే దెయిర్ ఎల్ మదీనా పనివాళ్లు బత్తెం అందక పని ఆపేసి, గోడలు దాటి వెళ్లి గుడుల దగ్గర బైఠాయించారు. ఆకలితో దప్పికతో వచ్చామని అధికారులకు చెప్పారు. రాతపూర్వకంగా నమోదైన తొలి సమ్మె ఇదే. దాన్ని రాసింది కూడా లేఖకుడే.

చైనా విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. షాంగ్ వంశపు రాజధాని ఆన్యాంగ్‌లో, క్రీ.పూ. 1200 నాటికి, మెట్ల మధ్య దూరం ఇంకెక్కడా లేనంత. పూర్వీకుల ఆత్మలతో మాట్లాడగలిగేది రాజే. ఎముకలు కాల్చి, వాటి మీద పడే పగుళ్లు చూసి ప్రశ్నలు అడిగేవాళ్లు. ఆ పూర్వీకులకు మనుషుల్ని బలి ఇచ్చేవాళ్లు. రాజు వూ దింగ్ భార్య ఫూ హావ్ సమాధి 1976లో ఎవరూ దోచుకోకుండా దొరికింది. 468 కంచు వస్తువులు, జేడ్ అనే విలువైన రాతితో చేసిన 755 వస్తువులు, 16 మంది బలి మనుషులు. ఆమె స్వయంగా సైన్యాలు నడిపిందని ఆ ఎముకల మీది రాతలే చెబుతున్నాయి. ఆడదైనంత మాత్రాన కిందిమెట్టు మీద ఉండాలన్న నియమం రాజు ఇంట్లో పనిచేయలేదు. బలి గోతుల్లో మాత్రం పనిచేసిన నియమం వేరు. అక్కడ పడ్డవాళ్లలో చాలామంది యుద్ధాల్లో పట్టుబడ్డ పరాయి తెగలవాళ్లు.

ఇంతవరకూ చూసిన మూడు చోట్లా ఒకటి ఉమ్మడిగా ఉంది. పైవాళ్లు తమ పైతనాన్ని దాచుకోలేదు. సమాధి, గుడి, శిల్పం, శాసనం, అన్నిటిలోనూ చాటుకున్నారు. సింధు నగరాల దగ్గరికి వచ్చేసరికి ఈ అలవాటుకు బ్రేక్ పడుతుంది.

క్రీ.పూ. 2600 నుంచి 1900 దాకా, ఏడు వందల ఏళ్లు, మొహెంజొదారో, హరప్పా, ధోలావీరా, రాఖీగఢీ లాంటి నగరాలు నడిచాయి. 1:2:4 నిష్పత్తిలో ఇటుకలు, సుమారు 13.6 గ్రాముల తూనిక రాయి ఆధారంగా సాగే తూకాలు, ఊరూరా ఒకటే. ఒక్క మొహెంజొదారోలోనే 700 దాకా బావులు ఉండి ఉంటాయని అంచనా. ఇంతటి ఏర్పాటు ఎవరో ఒకరు నడపకుండా జరగదు. కానీ ఆ నడిపినవాడి సమాధి లేదు. ఇదే రాజభవనం అని అందరూ ఒప్పుకునే కట్టడం లేదు. శత్రువు తల పగలగొడుతున్న రాజు శిల్పం లేదు. ‘పురోహిత రాజు’ అని పేరు పడ్డ విగ్రహం ఎత్తు 17.5 సెంటీమీటర్లు. అరచేతిలో పట్టే బొమ్మకు అంత పెద్ద ఉద్యోగం ఇచ్చింది తవ్వినవాళ్లే. సుమేరులో, అంటే దక్షిణ మెసొపొటేమియాలో, పూజారులూ రాజులూ ఉన్నారు కాబట్టి ఇక్కడా ఉండాలనుకున్నారు. మొహెంజొదారోలోని ‘ధాన్యాగారం’ సంగతీ అంతే. పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ ఆ పేరు ఖాయం చేశారు. అక్కడ ధాన్యం నిల్వ చేసినట్టు ఆధారమేమీ దొరకలేదు.

దీన్నిబట్టి సింధు నగరాల్లో అందరూ సమానమే అని సంబరపడేవాళ్లూ ఉన్నారు. అదీ తొందరపాటే. ధోలావీరా నగరాన్నే కోట, మధ్య ఊరు, దిగువ ఊరు అని గోడలతో విడగొట్టి కట్టారు. మొహెంజొదారోలో నడిమధ్య వాకిలి, సొంత బావి, స్నానాల గది ఉన్న పెద్ద ఇళ్లూ ఉన్నాయి, ఒకటి రెండు గదుల కొట్లూ ఉన్నాయి. పూసల్లో తేడా ఇంకా స్పష్టం. ఎర్రటి కార్నీలియన్ రాయిని పొడవాటి పూసగా మలచి, నిలువునా సన్నటి బెజ్జం వేయడానికి ప్రత్యేకమైన గట్టి రాతి బరమాలు, రోజుల తరబడి ఓపిక కావాలి. ఆ పూసల దండ కొనలేనివాళ్ల కోసం మట్టి పూసలు చేసి, ఎర్ర రంగు పూసి, పైన తెల్లటి గీతలు కూడా దిద్ది అమ్మినట్టు హరప్పాలో కనిపిస్తోంది. నకిలీ సరుకు ఉందంటే అసలుకు గిరాకీ ఉంది, అసలు కొనలేని జనమూ ఉన్నారు. రాయిలా గట్టిపడేలా కాల్చిన ఒక రకం సన్నటి గాజుల్ని మొహెంజొదారోలో మూతపెట్టిన మట్టి పాత్రల్లో, పైన ముద్ర వేసి మరీ కాల్చారు. ఎవరికి పడితే వాళ్లకు దొరికే గాజులు కావవి. అంటే హోదా ఉంది. అది సమాధిలో కాకుండా ఒంటి మీద, ఇంటి లోపల, ముద్రికలో ఉంది.

ఎక్కువమంది పరిశోధకులు ఇప్పుడు ఒకే రాజు బదులు పోటీపడే కొన్ని వర్గాలను ఊహిస్తున్నారు: వర్తకులు, భూములున్నవాళ్లు, మతపెద్దలు. ఇది నమ్మదగ్గ మాటే. తూకం అంత కచ్చితంగా ఉండాల్సిన అవసరం వర్తకుడికే ఎక్కువ. సింధు లిపి ఇంకా ఎవరూ చదవలేదు కాబట్టి మెసొపొటేమియాలో లాగా పద్దు చూసి చెప్పే వీలు లేదు. ఇక్కడే మరో ప్రలోభం ఎదురవుతుంది. తర్వాతి కాలపు కులాన్ని వెనక్కి తీసుకెళ్లి సింధు నగరాల్లో పెట్టడం. ఒక వీధిలో కుమ్మరులు, ఒక వీధిలో పూసలవాళ్లు ఉంటే అది కులమే అనడం. వృత్తి ఉన్నంత మాత్రాన కులం కాదు, పెళ్లిళ్లు లోపలే జరగాలన్న కట్టుబాటు ఉండాలి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్‌వాళ్లతో కలిసి 2013లో ప్రచురించిన జన్యు అధ్యయనం ప్రకారం, ఇప్పటి భారతీయ సమూహాల పూర్వీకుల మధ్య కలయిక సుమారు 4,200 ఏళ్ల క్రితం నుంచి 1,900 ఏళ్ల క్రితం దాకా విస్తారంగా జరిగింది. లోపలి పెళ్లిళ్ల కట్టుబాటు బిగుసుకుంది ఆ తర్వాతే. సింధు నగరాల చివరి శతాబ్దాల్లో మొదలైన కలయిక అది.

ఈ నాగరికతలు ఒకదానికొకటి తెలియనివేమీ కావు. ఉర్ రాజసమాధుల్లో, క్రీ.పూ. 2500 ప్రాంతంలో, పుఆబి అనే గొప్పింటి స్త్రీ ఒంటి మీద ఉన్న నగల్లో కార్నీలియన్ పూసలు రాశులుగా దొరికాయి. అక్కడి సమాధుల్లోని పొడవాటి పూసలు, తెల్లని చిత్రాలు దిద్దిన పూసలు సింధు పనితనమే. ఆ సమాధులకు దగ్గర్లోనే, వాటిని తవ్విన లియొనార్డ్ వూలీ ‘మహా మృత్యు గుంత’ అని పేరు పెట్టిన గోతిలో 74 మంది పరిచారకులు వరసగా పడుకుని ఉన్నారు, 68 మంది ఆడవాళ్లు. విషం తాగి ఇష్టపూర్వకంగా చనిపోయారని వూలీ అనుకున్నారు. ఆ సమాధుల పుర్రెలకు తర్వాతి కాలంలో సీటీ స్కాన్ తీస్తే బలమైన దెబ్బల గుర్తులు బయటపడ్డాయి. పూస చేసిన ఊళ్లో పెద్దవాళ్ల కోసం మనుషుల్ని చంపి పాతిపెట్టినట్టు ఆధారం లేదు. అదే పూస చేరిన ఊళ్లో అది అంత్యక్రియల్లో భాగం.

హరప్పా ఊరి బయట ఆర్-37 అని పిలిచే శ్మశానంలో, నగరం బాగా నడిచిన రోజుల్లో, మనుషుల్ని కొన్ని కుండలు, శంఖు గాజులు, ఒకటి రెండు పూసలతో పాతిపెట్టారు. బంగారపు వస్తువులు ఎక్కువగా ఇళ్లలోనే దొరికాయి, సమాధుల్లో కాదు. ఈ ఎముకల్ని నగర పతనకాలపు ఎముకలతో పోల్చి చూసిన అధ్యయనాలు ఉన్నాయి. తర్వాతి కాలపు ఏరియా జి అనే చోట గుట్టగా పడి ఉన్న ఎముకల్లో దెబ్బలు తిన్న పుర్రెలు, కుష్టు లాంటి అంటురోగాల జాడలు ఆర్-37 కన్నా బాగా ఎక్కువ. దెబ్బలు తిన్నవాళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. ఆ చోటు ఊరి గోడకు బయట, మురుగు పారే వైపు ఉంది. క్రీ.పూ. 1900 తర్వాత వర్తకం తగ్గి, తూనికరాళ్లూ ముద్రికలూ వాడుకలోంచి తప్పుకున్న రోజులవి. వీళ్లను శ్మశానంలో అందరిలా వరసగా పాతిపెట్టలేదు.